కాలువ నాచు వేశాక గప్పీలు పొద్దున్నే పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి

ఉప్పల్ మూడో అంతస్తు:
అందరికీ నమస్తే. మాది రెండడుగుల ట్యాంకు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. మావాడి పోరు పడలేక నాలుగు నెలల క్రితం ఐదు గప్పీ చేపలు తెచ్చాం. ఇప్పుడు లెక్కపెట్టడం మానేశాను, నలభై దాకా ఉంటాయి. వారం తిరక్కుండానే నీళ్ళు పచ్చబడుతున్నాయి. త్వరగా పెరిగే మొక్కలు వేస్తే తేటగా ఉంటాయని ఎవరో అంటే, సంక్రాంతికి అమలాపురం వెళ్ళినప్పుడు పంటకాలువలోంచి క్యారీబ్యాగు నిండా హైడ్రిల్లా, అదే కాలువల్లో పెరిగే నాచు మొక్క, తెచ్చి మొత్తం వేసేశాను. ఊరికే వచ్చింది కదా, చెయ్యి ఆగలేదు.

పదిరోజులైంది. ఆకులు గోధుమరంగుకి తిరిగి రాలుతున్నాయి. మూత తీస్తే మురుగు వాసన. పొద్దున్న చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి, మధ్యాహ్నానికి మామూలే. రెండు పోయాయి కూడా. స్కూల్లో ఇదే మొక్కని గరాటు కింద పెట్టి ఆక్సిజన్ బుడగలు చూపించారు కదండీ! మరి ఇదేంటి? శబ్దానికి అత్తయ్యగారికి నిద్రపట్టదని రాత్రిపూట ఎయిర్ పంప్ ఆపేస్తాను. మొక్కలన్నీ తీసి పారేయాలా?

పాత ట్యాంకు:
మేడమ్, ఆ గరాటుని స్కూల్లో ఎండలో పెట్టారు. వెలుగు ఉన్నంతసేపే మొక్క ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదీ చేపల్లాగే పీల్చుకుంటుంది. పైగా రాలిన ఆకులు కుళ్ళడానికి ఇంకాస్త ఆక్సిజన్ ఖర్చు. మీరేమో సరిగ్గా అప్పుడే పంప్ ఆపుతున్నారు. ఈ రాత్రి నుంచే ఆన్ చేయండి. పంప్ కింద మడతపెట్టిన పాత తువ్వాలు వేస్తే మోత చాలావరకు తగ్గుతుంది. నీటిమట్టం కంటే ఎత్తులో పెట్టండి, కరెంటు పోతే నీళ్ళు వెనక్కి పంప్‌లోకి రావు.

మొక్కలు పారేయొద్దు. నీళ్ళూ వెలుగూ మారితే హైడ్రిల్లా ముందు ఇలాగే కరుగుతుంది. గోధుమరంగువన్నీ తీసేసి, పచ్చగా ఉన్న కొసలు మాత్రం జానెడేసి తుంచి పైన తేలనివ్వండి. పాతక్కర్లేదు. పావువంతు నీళ్ళు మార్చండి. కొళాయి నీళ్ళైతే క్లోరిన్ తీసే మందు కలిపాకే పోయండి. లైటు ఎనిమిది గంటలు చాలు.

కాలువగట్టు:
మాదీ అమలాపురం పక్కనేనండి. పంటకాలువ నాచు నేరుగా ట్యాంకులో వేయడం ఏంటండీ బాబూ! వరికి పురుగుమందు కొట్టే రోజుల్లోదైతే చేపలన్నీ పోయేవి. ఇంకోటి, అందులో తూనీగ పిల్లపురుగులు వస్తాయి. బురదరంగులో, ఆరుకాళ్ళతో ఉంటాయి. మా గప్పీకి ఒక ఈతలో పుట్టిన పిల్లలు ఇరవై, నాలుగు రోజుల్లో మూడు మిగిలాయి. తల్లే తింటోందని దాన్ని తిట్టుకున్నాను, అసలు దొంగేమో నాచులో ఉంది. అప్పట్నుంచి ఏ నాచు తెచ్చినా పొటాషియం పర్మాంగనేట్ (క్రిములు చంపే ఊదారంగు పొడి) కలిపిన లేతగులాబీ రంగు నీళ్ళలో పది నిమిషాలు ముంచి, కడిగి, వారం బకెట్‌లో ఉంచుతాను. రోజూ టార్చి వేసి చూస్తాను.

ఉప్పల్ మూడో అంతస్తు:
దొరికిందండీ! కొసలు తుంచుతుంటే ఒకటి బయటపడింది, చిటికెనవేలి గోరంత. మావాడు గాజుసీసాలో పెట్టుకున్నాడు. రాత్రంతా పంప్ నడిచింది, పొద్దున చేపలు కిందే ఉన్నాయి. ఇంతకీ ఈ మొక్కలతో నీళ్ళు తేటపడతాయా?

పాత ట్యాంకు:
పడతాయి, కానీ కత్తెర పట్టాలి. చేపల వ్యర్థాన్నే తిని మొక్క పెరుగుతుంది. పెరిగింది కోసి బయటికి తీస్తేనే ఆ వ్యర్థం ట్యాంకు దాటినట్టు. లోపలే కుళ్ళితే తిరిగి నీళ్ళలోకే. నేను ప్రతి ఆదివారం మూడోవంతు కోసి మల్లెకుండీల్లో వేస్తాను. చెరువులో మాత్రం వేయకండి, చిన్న ముక్క చాలు అల్లుకోవడానికి. కోతకి ఓపిక లేకపోతే మనీప్లాంట్ కొమ్మ వేళ్ళు మాత్రం నీళ్ళలో మునిగేలా అంచుకి తగిలించండి. నెమ్మదిగానే అయినా అదే పని చేస్తుంది.

నలభై చేపలు మాత్రం ఆ ట్యాంకుకి ఎక్కువే, సగం ఎవరికైనా ఇచ్చేయండి. మగవాటిని వేరుచేస్తే సరిపోతుందనుకోకండి, ఆడగప్పీ ఒకసారి జతకట్టాక నెలల తరబడి పిల్లల్ని పెడుతూనే ఉంటుంది.

కాలువగట్టు:
పిల్లలు కావాలంటే కోత రోజున ఒక మూల గుబురుగా వదిలేయండి, అక్కడే దాక్కుంటాయి. ఆ సీసాలో పురుగుకి మూత గట్టిగా పెట్టించండి, రెక్కలొస్తే ఎగిరిపోతుంది.