అప్‌డేట్: పొద్దున్నే మొరాయించే లోడర్ దారికొచ్చింది

రాత్రంతా ఆగి ఉన్న చిన్న లోడర్ డీజిల్ ఇంజిన్ పొద్దున్న సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా అందుకోవట్లేదని, ఒకసారి అందుకుంటే మాత్రం ఆ రోజుకి ఇక ఇబ్బంది లేదని అడిగాను కదా, కారణం దొరికింది. ఎక్కువమంది, చల్లటి ఇంజిన్ అందుకోవడానికి లోపల వేడిచేసే గ్లో ప్లగ్‌లే అన్నారు. మల్టీమీటర్‌తో చూస్తే అన్నీ ఒక ఓమ్ దరిదాపుల్లో ఉన్నాయి, కరెంటూ వస్తోంది, అంటే అవి బాగానే ఉన్నట్టు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్ చూడమన్న సలహా అసలైనది. తెల్లపొగ వస్తే డీజిల్ లోపలికి వెళ్తోంది గానీ మండట్లేదని, పొగే లేకపోతే డీజిలే అందట్లేదని అర్థం. మా దాంట్లో పొగ జాడే లేదు.

మర్నాడు స్టార్ట్ చేసేముందు హ్యాండ్ ప్రైమర్ (చేత్తో డీజిల్‌ని లైన్లోకి ఎక్కించే చిన్న పంపు) గట్టిపడేదాకా నొక్కితే వెంటనే అందుకుంది. ఫిల్టర్ తర్వాత పారదర్శకమైన పైపు ముక్క పెడితే బుడగలే బుడగలు! ట్యాంక్ నుంచి వచ్చే రబ్బరు పైపు క్లిప్పు కింద సన్నగా పగిలింది. అది పీల్చుకునే వైపు కాబట్టి డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది, బండి ఆగాక లైన్లో డీజిల్ నెమ్మదిగా ట్యాంకులోకి జారిపోతుంది. బయట తడి లేదని లీకు లేదనుకోవడానికి లేదు.

పైపు, క్లిప్పులు, ఫిల్టర్ ఓ-రింగ్ (సీలుగా ఉండే రబ్బరు రింగు) మార్చాను. ఇంజిన్ అందుకోవడానికి ఈథర్ స్ప్రే (తేలిగ్గా అంటుకునే స్టార్టింగ్ స్ప్రే) కొట్టమన్నవాళ్లకి మాత్రం ఒక మాట, గ్లో ప్లగ్‌లున్న ఇంజిన్‌లో అది కొడితే వేడి ప్లగ్‌కి తగిలి అంటుకుంటుంది, ఆ పని నేను చేయను.