మేనల్లుణ్ణి ఏ ఐటీఐలో చేర్చాలి, అసలు చేర్చాలా?

మేనమామ, విజయనగరం జిల్లా

మా మేనల్లుడు ఈ ఏడాది పదో తరగతి పాసయ్యాడు. లెక్కల్లో మార్కులు ఓ మోస్తరుగానే వచ్చాయి గాని, పొలంలో మోటారు స్టార్టరు విప్పి, కాంటాక్టులు శుభ్రం చేసి, మళ్లీ బిగించడం వంటి పనులు ఎవరూ దగ్గరుండి నేర్పకుండానే చేస్తాడు. మా బావగారు వాణ్ణి హాస్టలు వసతి ఉన్న జూనియర్ కళాశాలలో ఎంపీసీలో చేర్చాలని పట్టుబడుతున్నారు. మా అక్క ఐటీఐ వైపు మొగ్గు చూపుతోంది. ఐటీఐ అనుకున్నా సందేహం తీరడం లేదు. సైకిలు మీద వెళ్లి రాగలిగినంత దూరంలో, మండల కేంద్రంలోని ప్రైవేటు ఐటీఐ వారు ఎలక్ట్రీషియన్ సీటు ఇస్తామంటున్నారు. విశాఖ కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐలో అయితే కౌన్సెలింగులో ఫిట్టరు (లోహపు భాగాలను కోసి, రుద్ది, అమర్చే పని) సీటు వచ్చే అవకాశం కనిపిస్తోంది, కాని గది అద్దె, భోజనం ఖర్చు భరించాలి. అనుభవం ఉన్న పెద్దలు నిర్మొహమాటంగా చెప్పగలరని కోరుతున్నాను.

లెక్కల ఉపాధ్యాయుడు, నర్సీపట్నం

మీ బావగారి మాటను తేలిగ్గా తీసుకోకండి. పదిహేనేళ్ల వయసులో పిల్లవాడికి ఏది ఇష్టమో వాడికే పూర్తిగా తెలియదు. ఆ వయసులో ఒక ట్రేడు, అంటే ఒకే వృత్తి, ఎంచుకోవడమంటే మిగిలిన దారులను వాడికి తెలియకుండానే వదిలేయడం. మా పాఠశాల నుంచి ఐటీఐకి వెళ్లేవారిలో ఎక్కువమంది ఇంట్లో డబ్బు లేక వెళ్తున్నారే తప్ప, ఆ పని మీద మక్కువతో కాదు. చేతివృత్తుల గౌరవం గురించి సభల్లో మాట్లాడే అధికారులు, అధ్యాపకులు తమ పిల్లల్ని ఎక్కడ చేరుస్తున్నారో చూస్తే సమాజం ఆ సర్టిఫికెట్టుకు ఇస్తున్న విలువ ఏమిటో అర్థమవుతుంది. మీ మేనల్లుడికి యంత్రాల మీద నిజంగా ఆసక్తి ఉంటే పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) రాయించి మూడేళ్ల డిప్లమాలో చేర్చండి. లెక్కలు, భౌతికశాస్త్రం కొంతైనా గట్టిపడతాయి, ఆపై డిప్లమావారికి పెట్టే ఈసెట్ ప్రవేశ పరీక్ష ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు.

పాత ఫిట్టరు, గాజువాక

ఉపాధ్యాయుల వారి ఆవేదన అర్థమైంది. అయితే ఐటీఐలో చేరితే దారులు మూసుకుపోతాయన్న మాట ఇప్పటి నిబంధనలతో సరిపోలడం లేదు. రెండేళ్ల ట్రేడు పూర్తిచేసినవారు నిర్ణీత అర్హతలుంటే పాలిటెక్నిక్ రెండో ఏట చేరే పద్ధతి ఉంది. ఎన్‌ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా భాషా పరీక్ష రాస్తే ఇంటర్‌తో సమానమైన అర్హత కూడా వస్తుంది. కొన్ని ఉద్యోగాలకైతే ఇంటర్ చదివినవారికే తలుపు మూసి ఉంటుంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకు పదో తరగతితో పాటు నిర్దేశించిన ట్రేడులో ఐటీఐ గాని, అప్రెంటిస్‌షిప్ (సంస్థలో పనిచేస్తూ పొందే శిక్షణ) గాని, లేదంటే ఇంజనీరింగ్ డిప్లమా వంటి సాంకేతిక చదువు గాని ఉండాలి. ఎంపీసీలో ఎన్ని మార్కులు వచ్చినా అది ఒక్కటే చాలదు. 2024లో ఆ పోస్టులకు తొలుత 5,696 ఖాళీలతో ప్రకటన ఇచ్చి, తర్వాత 18,799కి పెంచారు.

కాని నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇది కాదు. ఐటీఐ మంచిదా చెడ్డదా అన్న చర్చలో మనం వర్క్‌షాపును మరిచిపోతున్నాం. ఫిట్టరు ట్రేడులో చేరిన కొత్తలో పిల్లవాడి చేత హాక్సాతో కోయిస్తారు, ఆకురాయితో రుద్దిస్తారు. మెత్తటి ఇనుప పలకను వైసులో (బల్లకు అమర్చిన పట్టులో) బిగించి, ఒక ముఖాన్ని చదును చేసి, దాని పక్క ముఖాన్ని సరిగ్గా లంబకోణానికి తీసుకురావాలి. లంబకోణం కొలిచే ట్రైస్క్వేర్ ఆనించి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, లోహానికీ బ్లేడుకూ మధ్య సన్నని వెలుగు గీత కనిపిస్తుంది. ఆ గీత ఎక్కడ వెడల్పుగా ఉందో చూసి, ఎత్తుగా ఉన్న రెండోవైపున మళ్లీ రుద్దాలి. ఎక్కువ రుద్దితే పలక కొలత తగ్గి పాడవుతుంది. ఇదంతా అయ్యాకే ఒకదానిలో ఒకటి దూరే చదరపు జత చేయిస్తారు, దాన్ని ఏ వైపు తిప్పి అమర్చినా ఖాళీ కనిపించకూడదు. ఒక వైసు దగ్గర ఒక్క పిల్లవాడు నిలబడి, పక్కనే ఇన్‌స్ట్రక్టరు ఉండి, చెడిన పలక పారేసి కొత్త పలక ఇవ్వగల చోట ఈ పని చేతికొస్తుంది. ఐదుగురు చుట్టూ నిలబడి ఒకడు రుద్దుతుంటే చూసే చోట రాదు. ఫీజు, దూరం, బోర్డు మీద ప్రైవేటు అని రాసి ఉందా, ప్రభుత్వం అని రాసి ఉందా అన్నవన్నీ దీని తర్వాతే చూడాలి.

కాంట్రాక్టు కార్మికుడు, పరవాడ

మీరు చెప్పిన వైసు, ఆకురాయి అంతా నేనూ దాటి వచ్చాను, మంచి మార్కులతోనే. తర్వాత ఏమైందో కూడా ఈ మామయ్యగారికి తెలియాలి. అప్రెంటిస్‌షిప్ చేశాను, అది పూర్తయ్యాక ఆ సంస్థే ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టంలో లేదు. 2019 నిబంధనల్లో ఐటీఐ చదివినవారికి నెలకు 7,700 రూపాయల కనీస స్టైపెండ్ పెట్టారు, దానితో నగరంలో గది అద్దె కట్టి భోజనం చేయడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత కాంట్రాక్టరు కింద చేరాను. ఒకే యంత్రం మీద, ఒకే షిఫ్టులో, పర్మనెంట్ ఉద్యోగి చేసే పనే నేనూ చేస్తాను. జీతంలో మాత్రం పోలికే ఉండదు. విశాఖ ఉక్కులో కాంట్రాక్టు కార్మికుల తొలగింపులపై 2025లో జరిగిన సమ్మెను అందరూ చూశారు. పని చేతికొస్తే చాలు, అన్నం అదే పెడుతుందని పిల్లలకు చెప్పేవారు ఈ సంగతి దాచకూడదు.

పాత ఫిట్టరు, గాజువాక

దాచాలన్న ఉద్దేశం నాకు లేదు, తమ్ముడూ. నువ్వు చెప్పిన ప్రతి అక్షరం నిజం. అయితే అది ఫ్యాక్టరీల నియామక పద్ధతిలో ఉన్న అన్యాయం, దాన్ని నిలదీయాల్సిందే. ఆ అన్యాయం డిప్లమావారినీ, బీటెక్ వారినీ వదలడం లేదు కదా. అదే కాంట్రాక్టరు కింద సూపర్‌వైజరు పేరుతో ఎంతమంది ఇంజనీర్లు పనిచేస్తున్నారో నీకే బాగా తెలుసు.

వెల్డరు, అబూధాబీ

ఒక్క మాట చెప్పి వెళ్తాను. ఇక్కడికి రావాలనుకునేవారిని ఇంటర్వ్యూలో సర్టిఫికెట్టు ఒక్కసారి అడుగుతారు, ఆ తర్వాత పైపు ముందు నిలబెడతారు. 6జీ అనే పైపు వెల్డింగు పరీక్షలో పైపును 45 డిగ్రీల వాలుగా కదలకుండా బిగిస్తారు, మనమే చుట్టూ తిరిగి కింద నుంచి పైకి అతకాలి. రూట్ రన్‌లో, అంటే మొదటి వరుస అతుకులో, లోపలి అంచు సరిగా కరగకపోతే ఎక్స్‌రేలో పట్టుబడుతుంది, వంచి చూసే పరీక్షలో ముక్క చీలుతుంది. వెల్డింగు రాడ్లు ఖర్చవుతాయని పిల్లలకు రాడ్డు పట్టుకునే హోల్డరే ఇవ్వని ఐటీఐలో చదివినవారు ఈ పైపు దగ్గరే వెనుదిరిగి వెళ్లడం కళ్లారా చూశాను. కాబట్టి గాజువాక పెద్దాయన మాటే నా మాట.

ఐటీఐ శిక్షకురాలు, కరీంనగర్

మామయ్యగారూ, చేర్చే ముందు మీరే స్వయంగా ఆ రెండు చోట్లకూ వెళ్లండి. ఆదివారం కాకుండా, ప్రాక్టికల్ జరిగే వేళకు వెళ్లండి. ఎలక్ట్రీషియన్ ట్రేడులో ఒక యూనిట్‌కు (బ్యాచికి) 20 మంది శిక్షణార్థులు ఉంటారు. ఆ సమయంలో వర్క్‌షాపులో ఎంతమంది ఉన్నారో, వారి చేతుల్లో పనిముట్లు ఉన్నాయో లేదో చూడండి. వైండింగ్ చేసిన (రాగి తీగ చుట్టిన) మోటార్లు చూపమని అడగండి. ఆ ఏడాది పిల్లలు చుట్టిన కాయిల్స్ రంగు తాజాగా ఉంటాయి. ఏళ్ల తరబడి ఆఫీసు అలమారలో ప్రదర్శనకు పెట్టినవి దుమ్ముపట్టి ఉంటాయి. పిల్లలు చేసిన ప్రాక్టికల్ పనులు రాసే జాబ్ రికార్డు పుస్తకం తెరిచి చూడండి. అన్నీ ఒకే చేతిరాతతో, ఒకే రోజు రాసినట్టు ఉంటే అక్కడ హాజరు కూడా అలాగే వేస్తున్నారని అనుకోవచ్చు. తరగతికి రాకపోయినా ఫర్వాలేదు, పరీక్షకు వస్తే చాలు అని చేరేటప్పుడే ఎవరైనా భరోసా ఇస్తే, అది వెసులుబాటు అనుకుని సంతోషించకండి, అక్కడి నుంచి వచ్చేయండి.

ఇంకొకటి, అనుబంధం. సంస్థకు గుర్తింపు ఉంటే చాలదు, మీరు చేరబోయే ట్రేడుకు, ఆ యూనిట్‌కు కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ (డీజీటీ) అనుబంధం, వాడుకలో ఎన్‌సీవీటీ అనుబంధం అనేది, ఉండాలి. కేంద్ర పోర్టల్‌లో సంస్థ పేరు కొడితే ట్రేడుల వారీగా కనిపిస్తుంది. పరికరాల విషయంలో ప్రభుత్వ ఐటీఐలన్నీ ఒకేలా లేవు. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అధునాతన కేంద్రాలుగా మార్చే పనికి 2024లో హైదరాబాదు మల్లేపల్లిలో శంకుస్థాపన జరిగింది. అలాంటి యంత్రాలు వచ్చిన చోట కూడా వాటి మీద నేర్పే ఇన్‌స్ట్రక్టర్లు లేకపోతే ఉపయోగం ఉండదని నా గట్టి అభిప్రాయం. ఖాళీగా ఉన్న ఇన్‌స్ట్రక్టరు పోస్టుల గురించి తల్లిదండ్రులు ప్రిన్సిపాల్‌ను నేరుగా అడగాలి. అది అడగడం తప్పు కాదు.

లెక్కల ఉపాధ్యాయుడు, నర్సీపట్నం

పాలిటెక్నిక్‌కు దారి ఉందన్న మాట ఒప్పుకుంటాను. కాని ఆ దారిలో నడవగలిగేది లెక్కలు మరిచిపోని పిల్లవాడు మాత్రమే. ఐటీఐలో వర్క్‌షాప్ కాల్క్యులేషన్, ఇంజనీరింగ్ డ్రాయింగ్ బోధించడం చాలాచోట్ల నామమాత్రంగా ఉంటోంది. ఇంట్లో ఎవరైనా రోజూ కూర్చోబెట్టి చదివించగలిగితేనే చేర్చండి. మరొక విషయం, వాడు మోటారు స్టార్టరు పని తనంతట తానే చేస్తాడని మీరే రాశారు, అంటే వాడి చెయ్యి కరెంటు పని మీద ఉంది. దొరికింది కదా అని ఫిట్టరులో చేర్చడం వాడికి న్యాయమా?

మేనమామ, విజయనగరం జిల్లా

అందరికీ నమస్కారాలు. శిక్షకురాలు చెప్పినట్టే పని వేళకు మండల కేంద్రానికి వెళ్లి చూశాను. ఎలక్ట్రీషియన్ గదిలో పిల్లలు ముగ్గురే ఉన్నారు, వారూ ఫోన్లు చూసుకుంటున్నారు. గోడకున్న ప్యానెల్ బోర్డుకు మెయిన్ సప్లై తీగ లేదు. మోటారు జనరేటరు సెట్టు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా చింపలేదు. జాబ్ రికార్డులు చూపమంటే, అవి సంవత్సరాంతంలో రాయిస్తామన్నారు. మా బావగారు కూడా వెంట ఉండి ఇదంతా చూశారు. ఆయన ఇప్పుడు మరింత గట్టిగా ఇంటర్ అంటున్నారు. కంచరపాలెంలో ఎలక్ట్రీషియన్ దొరికే మార్గం లేకపోతే ఫిట్టరు తీసుకోవాలా, ఒక ఏడాది ఆగాలా?

పాత ఫిట్టరు, గాజువాక

ఏడాది ఆపవద్దు. ఊరికే ఇంట్లో ఉంటే పిల్లవాడి చదువు మీద ఆసక్తి సడలిపోతుంది. ముందు కౌన్సెలింగు తర్వాతి విడతల వరకు ఓపిక పట్టండి. తొలి విడతలో సీటు వచ్చినవారు కొందరు పాలిటెక్నిక్‌కు వెళ్లిపోతారు, ఎలక్ట్రీషియన్ సీట్లు అప్పుడు ఖాళీ అవుతాయి. మీ జిల్లాలోని ప్రభుత్వ ఐటీఐల పేర్లూ వరుసలో పెట్టండి. వైర్‌మన్ (కరెంటు వైరింగు పని) ట్రేడు దొరికినా వదులుకోకండి, లైన్‌మన్ తరహా ఉద్యోగాలకు ఎలక్ట్రీషియన్‌తో పాటు అదీ అర్హతే. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల ఎనర్జీ అసిస్టెంట్ (జూనియర్ లైన్‌మన్) పోస్టులకు ఆ రెండు ట్రేడులవారే, ఇంటర్ ఒకేషనల్‌లో ఆ కోర్సు చదివినవారితో పాటు, పోటీ పడ్డారు. ఫిట్టరుకు అందులో చోటు లేదు. వాడి మనసు విద్యుత్ శాఖ మీదే ఉంటే ఈ తేడా చిన్నది కాదు, ఉపాధ్యాయుల వారి ప్రశ్న అక్కడ న్యాయమైనదే. రైల్వే, నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలు, షిప్‌యార్డ్ వైపు అయితే ఫిట్టరుకు ఏ లోటూ లేదు.

మీ బావగారితో వాదించవద్దు. ఆయన చూసింది ఒక్క వర్క్‌షాపునే. తండ్రీకొడుకులను ఇద్దరినీ కంచరపాలెం తీసుకువెళ్లండి, ప్రిన్సిపాల్ అనుమతి అడిగి ఫిట్టరు షాపులో కాసేపు నిలబడనివ్వండి. అక్కడి పని చూసి పిల్లవాడు ఇన్‌స్ట్రక్టరును ఏమైనా అడుగుతాడా, లేక తలుపు వైపు చూస్తాడా అన్నది మీరు గమనించండి. టీసీ, పదో తరగతి మార్కుల జాబితా, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్ మాత్రం ఇప్పుడే సిద్ధం చేసి ఉంచుకోండి, విడతల మధ్య వ్యవధి తక్కువ.