ప్లనేరియాకు ఫెన్‌బెండజోల్ వేశాక నత్తలను ఎప్పుడు వదలొచ్చు?

40 లీటర్ల చెర్రీ రొయ్యల తొట్టె. రాత్రి టార్చి వేస్తే అద్దం మీద తెల్లటి పురుగులు. నీళ్లలో మెలికలు తిరిగే సన్న దారాల్లాంటివైతే హాని లేదు, మేత తగ్గిస్తే చాలు. ఇవి అలా కావు: తల త్రికోణం, రెండు కళ్ల చుక్కలు, అద్దానికి అంటుకుని జారుతూ పోతాయి. ప్లనేరియానే, అంటే రొయ్యలను తినే చదును పురుగులు. గీకితే ముక్కలై ఇంకా పెరుగుతాయి, అందుకే మందు.

22 శాతం ఫెన్‌బెండజోల్ (నులిపురుగుల మందు) పొడి 0.1 గ్రాము కలిపి వేయాలనుకుంటున్నాను. చచ్చిన పురుగులతో అమ్మోనియా పెరుగుతుంది గనుక 24 గంటలయ్యాక 30 శాతం నీళ్లు మారుస్తాను. చిక్కల్లా నెరైట్ నత్తలతోనే, ఈ మందు వాటిని చంపేస్తుంది. ముందే వేరే తొట్టెలోకి మారుస్తాను, సరే. కానీ మందు నీళ్లలో సరిగా కరగదు, ఇసుకలో నిలిచిపోతుంది. ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ (నీళ్లలోని మందును పీల్చే బొగ్గు) పెట్టాక మీరు ఎన్ని వారాలు ఆగారు? ఇసుక మార్చక తప్పదా?