అమ్మకి జ్ఞానదంతం తీశారు. ఉప్పునీళ్ళు ఎప్పటినుంచి? లవంగం పెట్టొచ్చా?

గోదారిగట్టు:
అమ్మకి 58 ఏళ్ళు. నిన్న సాయంత్రం 5 గంటలకి కింద కుడివైపు జ్ఞానదంతం తీసి రెండు కుట్లు వేశారు. షుగర్ ఉంది, మాత్రలతో అదుపులోనే ఉంది. గుండె డాక్టరు రాసిన ఆస్పిరిన్ 75 రోజూ వేసుకుంటుంది. పళ్ళడాక్టరు పారాసిటమాల్ 650, ఒక యాంటీబయాటిక్ ఇచ్చారు. రాత్రి నుంచి ఉమ్మి ఎర్రగా వస్తోందని గిన్నె పక్కనే పెట్టుకుని ఉమ్ముతూనే ఉంది. ఇప్పుడే ఉప్పునీళ్ళు పుక్కిలించమని పెద్దమ్మ, గుంటలో లవంగం కుక్కమని పక్కింటావిడ. పెరుగు, పప్పు, వంకాయ తింటే చీము పడుతుందని కూడా అంటున్నారు. ఏం చేయాలో చెప్పండి.

దంతవైద్యం_15ఏళ్ళు:
ముందు ఆ గిన్నె అక్కడినుంచి తీసేయండి. పన్ను ఊడిన గుంటలో రక్తం గడ్డకట్టి మూతలా కూర్చుంటుంది. లోపలి ఎముకకి, నరాల కొసలకి అదొక్కటే కప్పు. ఉమ్మినా, స్ట్రాతో తాగినా ఆ లాగుడికి గడ్డ కదిలి రక్తం మళ్ళీ ఊరుతుంది. ఊరిందని మళ్ళీ ఉమ్ముతారు. చెంచాడు రక్తం లాలాజలంలో కలిస్తే గిన్నెడు రక్తంలా కనిపిస్తుంది, భయపడకండి. ఊరిన నీరు మింగేయమనండి. ఒక రోజు వరకూ లేత గులాబీ రంగులో రావడం మామూలే.

అలాకాక ముదురు ఎరుపుగా, గడ్డలు గడ్డలుగా నోరు నిండుతుంటే శుభ్రమైన గాజు గుడ్డని మందంగా మడిచి, తడిపి పిండి, సరిగ్గా గుంట మీద పెట్టి 30 నిమిషాలు గట్టిగా కరిచిపట్టాలి. మధ్యలో తీసి చూడకూడదు. పొడి గుడ్డ పెడితే గడ్డ దానికే అతుక్కుని ఊడొస్తుంది. దూది వద్దు, పోగులు కుట్లకి చుట్టుకుంటాయి. చాలామంది గుడ్డని పక్క పళ్ళ మధ్య పెట్టుకుంటారు, నొక్కు గుంట మీద పడనే పడదు. రెండుసార్లు ఇలా చేసినా ఆగకపోతే ఇంక ఇంట్లో ప్రయత్నించకుండా తీసుకెళ్ళండి. ఆస్పిరిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. గుండె మందు ఆపితే వచ్చే ముప్పు, చిగుళ్ళలో ఊరే రక్తం కంటే చాలా పెద్దది.

ఉప్పునీళ్ళు 24 గంటలు నిండాకే, అంటే ఇవాళ సాయంత్రం 5 తర్వాత. గ్లాసుడు (250 మి.లీ.) గోరువెచ్చటి నీళ్ళలో అర టీస్పూను ఉప్పు చాలు. పుక్కిలించకూడదు. నోట్లో పోసుకుని తల ఆ పక్కకి వంచి కాసేపు ఉంచి, నోరు తెరిచి సింకులోకి జారవిడవాలి. తిన్న ప్రతిసారీ, పడుకునేముందు, ఒక వారం పాటు.

లవంగం వద్దే వద్దు. దాని ఘాటుకి పచ్చి పుండు కాలుతుంది, తునకలు గుంటలోనే ఉండిపోతాయి. మిగతా పళ్ళు ఇవాళ్టినుంచే మెత్తటి బ్రష్‌తో తోమచ్చు, గుంట జోలికి వెళ్ళకుండా.

మందులకొట్టు_విజయవాడ:
పారాసిటమాల్ 650 ఆరు గంటలకొకటి, రోజుకి నాలుగుకి మించకూడదు. ఈ లోపు జలుబు మాత్ర ఏదైనా వేస్తే దాని అట్ట చూడండి, చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. నొప్పి తగ్గలేదని ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేయకండి. ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో పుండు, రక్తస్రావం వచ్చే వీలుంది. షుగర్ ఉన్నవాళ్ళకి కిడ్నీల మీదా భారం. డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. యాంటీబయాటిక్ ఎన్ని రోజులు రాశారో అన్ని రోజులూ వాడాలి.

షుగర్ మాత్ర వేసుకుని నోరు నొప్పని తినకుండా ఉండటం అసలు ప్రమాదం. చెమటలు, వణుకు వస్తే షుగర్ పడిపోయినట్టే, వెంటనే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వండి.

చీము పట్టేది క్రిముల వల్ల, వంకాయ వల్ల కాదు. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి, పప్పు మాన్పిస్తే ఎలా? మెదిపిన పెరుగన్నం, పప్పుకట్టు, చల్లారిన ఇడ్లీ, బెల్లం లేని రాగిజావ పెట్టండి. పెరుగన్నంలో తాలింపు మాత్రం వేయకండి, ఒక్క ఆవగింజ చాలు గుంటలో దూరి ఇబ్బంది పెట్టడానికి. ఆవకాయ, జంతికలు వారం పక్కన పెట్టండి.

గోదారిగట్టు:
చాలా థాంక్స్ అండీ. ఇవాళ మూడో రోజు. నొప్పి తగ్గుతోంది, కానీ బుగ్గ నిన్నటికంటే ఎక్కువ వాచింది. టార్చ్ వేసి చూస్తే గుంటలో తెల్లగా, పసుపుగా పొర ఉంది. చీమేనా?

దంతవైద్యం_15ఏళ్ళు:
నొప్పి తగ్గుతోందంటే దాదాపు కాదు. గడ్డ మీద కట్టే ఫైబ్రిన్ పొర అది, మానుతున్న గుర్తు. దూదితో గానీ పుల్లతో గానీ గీకకండి. వాపు రెండు, మూడు రోజుల్లో పతాకస్థాయికి వెళ్ళి అప్పుడు దిగుతుంది. మొదటి రోజు ఐస్, ఇప్పుడైతే వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో బయటినుంచి కాపడం. తలకింద రెండు దిండ్లు పెట్టండి.

డ్రై సాకెట్ వేరేలా ఉంటుంది. గడ్డ ఊడిపోయి గుంట ఖాళీగా, అడుగున ఎముక కనిపిస్తుంది. తగ్గుతున్న నొప్పి మూడో రోజుకి ఒక్కసారిగా పెరిగి చెవిదాకా లాగుతుంది, నోరు కంపు కొడుతుంది, పారాసిటమాల్‌కి లొంగదు. కింది జ్ఞానదంతాలకి, పొగ తాగేవాళ్ళకి ఎక్కువగా వస్తుంది. యాంటీబయాటిక్ మార్చితే తగ్గదు. డాక్టరు గుంట కడిగి మందు పట్టీ పెడితే కొన్ని గంటల్లోనే ఊరట.

జ్వరం, మింగలేకపోవడం, వాపు మెడలోకి దిగడం, నోరు రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోకపోవడం కనిపిస్తే రేపటిదాకా ఆగకండి. ఊపిరాడకపోతే నేరుగా ఎమర్జెన్సీకే. కుట్లు నల్లదారమైతే అది చాలావరకు సిల్కు, ఏడో రోజుకి తీయించాలి. కరిగే దారమో కాదో ఫోన్ చేసి కనుక్కోండి.