ఎల్‌ఎన్‌సీఆర్‌ఎన్‌ఏ: పని చేసేది ఆర్‌ఎన్‌ఏనా, ఆ డీఎన్‌ఏ చోటా?

వేపచెట్టు:
ఒక లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ (ఎల్‌ఎన్‌సీఆర్‌ఎన్‌ఏ, అంటే ప్రోటీన్‌గా మారని పొడవాటి ఆర్‌ఎన్‌ఏ) జన్యువును డీఎన్‌ఏను కోసే క్రిస్పర్‌తో మొత్తంగా ఎత్తేసి, "పక్క జన్యువు తగ్గింది కాబట్టి ఈ ఆర్‌ఎన్‌ఏనే దాన్ని నియంత్రిస్తోంది" అని రాసేస్తున్నారు. ఇది చెల్లదని నా వాదన. ఎలుకలో లాక్‌డ్ అనే ఎల్‌ఎన్‌సీఆర్‌ఎన్‌ఏ జన్యువు ఉంది. దాని 25 కిలోబేస్‌లు (25 వేల డీఎన్‌ఏ అక్షరాలు) తీసేస్తే పక్కనున్న సీడీకేఎన్‌1బీ జన్యువు పని దాదాపు 70 శాతం తగ్గింది. అదే లాక్‌డ్ మొదలయ్యే చోటికి 80 బేస్‌ల దిగువన పాలీ-ఏ కాసెట్ (ఆర్‌ఎన్‌ఏ తయారీని అక్కడే ఆపేసే డీఎన్‌ఏ ముక్క) పెట్టి ఆర్‌ఎన్‌ఏను 90 శాతానికి పైగా ఆపితే, సీడీకేఎన్‌1బీ కదల్లేదు. అంటే పని చేసింది ఆ డీఎన్‌ఏలో ఉన్న ఎన్‌హాన్సర్ (జన్యువు పనిని పెంచే డీఎన్‌ఏ భాగం). ఆర్‌ఎన్‌ఏ ఊరికే పక్కన ఉంది, అంతే.

గాప్మర్:
లాక్‌డ్‌ను చూపించి అన్నిటినీ ఒకే గాటన కట్టేయకండి. ఆడ క్షీరదాల్లో ఒక ఎక్స్ క్రోమోజోమ్‌ను మూసే ఎల్‌ఎన్‌సీఆర్‌ఎన్‌ఏ ఎక్సిస్ట్ సంగతేమిటి మరి? 17 కిలోబేస్‌ల ఆర్‌ఎన్‌ఏలో 5 ప్రైమ్ కొసన (మొదలు వైపు) ఉన్న ఏ-రిపీట్ అనే భాగం ఒక్కటి తీసేయండి: ఆర్‌ఎన్‌ఏ ఎప్పటిలాగే ఎక్స్ క్రోమోజోమ్ మీద పరుచుకుంటుంది, జన్యువులు మాత్రం మూతపడవు. ఆ రిపీట్ జన్యువులను మూసే స్పెన్ ప్రోటీన్‌ను పట్టుకుంటుంది కాబట్టే. పైగా ఎక్సిస్ట్‌ను వేరే క్రోమోజోమ్‌లో పెట్టినా అక్కడా జన్యువులను మూసేస్తుంది. ఇందులో చోటు మహిమ ఏముంది?

వేపచెట్టు:
ఎక్సిస్ట్ ఒప్పుకుంటా. ఎయిర్న్ అనే మరో ఎల్‌ఎన్‌సీఆర్‌ఎన్‌ఏ చూడండి. దాన్ని వేర్వేరు పొడవుల దగ్గర ఆపి చూశారు. ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే పాలిమరేజ్ ఎంజైమ్ ఐజీఎఫ్‌2ఆర్ జన్యువు ప్రమోటర్‌ను (అది మొదలయ్యే చోటును) దాటి వెళ్తేనే ఆ జన్యువు మూతపడింది. తయారైన ఆర్‌ఎన్‌ఏతో పనే లేదు.

పాలిమరేజ్2:
సగమే చెప్పారు. అదే ఎయిర్న్ మావిలో దూరంగా ఉన్న ఎస్‌ఎల్‌సీ22ఏ3 జన్యువును కూడా మూస్తుంది. ఎయిర్న్ అంత దూరం ట్రాన్‌స్క్రైబ్ కాదు (డీఎన్‌ఏ నుంచి ఆర్‌ఎన్‌ఏగా నకలు కాదు). అక్కడ ఆర్‌ఎన్‌ఏనే జన్యువులను మూసే జీ9ఏ ఎంజైమ్‌ను తీసుకెళ్తుందని ఆధారాలున్నాయి. ఒకే జన్యువు, రెండు పద్ధతులు.

గాప్మర్:
అందుకే ఆర్‌ఎన్‌ఏను మాత్రమే తగ్గించి చూడాలంటాను. కేంద్రకంలోనే ఉండిపోయే వాటికి ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏను తగ్గించే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క) సరిగ్గా పనిచేయదు. ఆర్‌ఎన్‌ఏను కోసే ఆర్‌ఎన్‌ఏస్ హెచ్ ఎంజైమ్‌ను పిలిచే గాప్మర్ అనే చిన్న ముక్క వాడండి: 16 బేస్‌లు, రెండు కొసల్లో మూడేసి ఎల్‌ఎన్‌ఏ (గట్టిగా అతుక్కునేలా మార్చిన బేస్‌లు), మధ్యలో మామూలు డీఎన్‌ఏ. వేర్వేరు చోట్ల తగిలేవి కనీసం రెండు పెట్టండి. ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచే క్యూపీసీఆర్‌లో నో-ఆర్‌టీ కంట్రోల్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్ లేకుండా చేసే పోలిక) మరవొద్దు. ఒకే ఎగ్జాన్ (కత్తిరింపు తర్వాత ఆర్‌ఎన్‌ఏలో మిగిలే భాగం) ఉన్న జన్యువైతే మిగిలిపోయిన డీఎన్‌ఏ కూడా సిగ్నల్ ఇచ్చేస్తుంది.

పాలిమరేజ్2:
ఆ గాప్మర్‌ను 5 ప్రైమ్ వైపో, ఇంట్రాన్‌లోనో (తర్వాత కత్తిరించి పడేసే భాగం) పెడితే ఇంకా తయారవుతున్న ఆర్‌ఎన్‌ఏనే తెగి, పాలిమరేజ్ మధ్యలోనే ఊడిపోతుంది. అప్పుడు ఆర్‌ఎన్‌ఏ, ట్రాన్‌స్క్రిప్షన్ రెండూ పోతాయి, వేపచెట్టు గారి ప్రశ్న అలాగే మిగులుతుంది. 3 ప్రైమ్ కొసకు దగ్గరగా పెట్టండి. క్రిస్పర్‌ఐ (డీఎన్‌ఏను కోయకుండా జన్యువును ఆపే పద్ధతి) కూడా అంతే, అందులోని డీకాస్9-క్రాబ్ ప్రోటీన్ ప్రమోటర్ చుట్టూ మూత వేస్తుంది. అది రెండు దిశల ప్రమోటర్ అయితే పక్క జన్యువు కూడా దాంతోపాటే పోతుంది.

వేపచెట్టు:
అయితే పాలీ-ఏ కాసెట్‌దే పైచేయి.

పాలిమరేజ్2:
అదే కాసెట్‌ను తిరగేసి పెట్టిన క్లోన్ పక్కన ఉంటేనే. ఆ దిశలో అది ట్రాన్‌స్క్రిప్షన్‌ను ఆపకూడదు. అయినా పక్క జన్యువు తగ్గిందంటే, కాసెట్ పెట్టేటప్పుడు మీరు పాడుచేసింది ఎన్‌హాన్సర్‌నే.