అప్‌డేట్: నాన్న టీబీ, జీనోమ్ రిపోర్టు వచ్చింది

పోయినసారి అడిగాను కదా, టీబీ మందులు రెండు నెలలు వాడినా నాన్నకి దగ్గు తగ్గలేదు, సీబీనాట్ అనే తెమడ పరీక్షలో రిఫాంపిసిన్ అనే టీబీ మందు పనిచేస్తుందనే వచ్చింది, మరి తేడా ఎక్కడని. ఇక్కడ తిరుపతిలో డాక్టరుగారు తెమడ కల్చర్ పెట్టించి, పెరిగిన బ్యాక్టీరియాని సీక్వెన్సింగ్‌కి, అంటే దాని డీఎన్ఏ అక్షరాలు చదివే పరీక్షకి పంపించారు. ఆ బ్యాక్టీరియా మొత్తం డీఎన్ఏలో, అంటే దాదాపు 44 లక్షల అక్షరాల జీనోమ్‌లో, కాట్‌జీ అనే జీన్‌లో ఒక్క అక్షరం మారిందట, అందుకే ఐసోనియాజిడ్ అనే ఇంకో టీబీ మందు పనిచేయట్లేదు. మందుల్లో సీబీనాట్ చూసేది రిఫాంపిసిన్ సంగతే, దీన్ని పట్టుకోదు. మాత్రలు ఎగ్గొడుతున్నారేమో అని మీలో కొందరన్నారు, నిజానికి నేనూ ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెట్టాను, పాపం ఒక్కటీ తప్పలేదు. ఇప్పుడు లెవోఫ్లాక్సాసిన్ అనే మందు ఇస్తున్నారు. ఆ మాత్ర వేసుకునే వేళకి పాలు తాగొద్దన్నారు, ఇక ఆయన గోలంతా పొద్దున కాఫీ ఆలస్యమవుతోందనే.