మొదటి క్లినికల్ పోస్టింగ్, మేల్ మెడికల్ వార్డు: సిస్టర్ల దగ్గర ఎక్కడ దొరికిపోతాం?

కొత్త_ఏప్రాన్:
బీఎస్సీ నర్సింగ్ ఫస్టియర్. సోమవారం నుంచి జిల్లా ఆసుపత్రిలో పోస్టింగ్, ఉదయం 8 నుంచి 2 దాకా. ఎనిమిది మందికి ఒక్కరే ఇన్‌స్ట్రక్టర్. ల్యాబ్‌లో బొమ్మ మీద అన్నీ చేశాం గానీ మనుషుల మీద ఇదే మొదలు. సీనియర్లేమో "మూలన నిలబడు, ఎవరూ ఏమనరు" అంటున్నారు. నాకు పని నేర్చుకోవాలనీ ఉంది, సిస్టర్లకు అడ్డం పడకూడదనీ ఉంది. మొదటి వారం వాళ్ళు మనలో ఏం చూస్తారు?

చార్టు_గది:
ముందు రెస్పిరేషన్, అంటే నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో రాసిన లెక్క చూస్తారు. ముప్పై మందికీ వరసగా 20, 20, 20 అని రాసి ఉంటే, ఎవరిదీ లెక్కపెట్టలేదని ఇన్‌చార్జ్ సిస్టర్‌కు చార్టు చూడగానే తెలిసిపోతుంది. ఇక నువ్వు రాసిన బీపీని కూడా ఎవరూ నమ్మరు, వాళ్ళే మళ్ళీ చూసుకుంటారు. సాయానికి వెళ్ళి పని పెంచినట్టు.

పల్స్ నిమిషం చూశాక చెయ్యి వదలకు. మణికట్టు అలాగే పట్టుకుని, ఛాతీ వైపు చూస్తూ ఇంకో నిమిషం ఊపిరి లెక్కపెట్టు. "ఊపిరి చూస్తున్నా" అని చెప్తే మనిషి తనకు తెలియకుండానే మార్చేస్తాడు. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తే, ఒక్క ఊపిరి తప్పు పోయినా చార్టులో నాలుగు తేడా వస్తుంది. సెకన్ల ముల్లున్న వాచీ కొనుక్కో, దీనికి ఫోన్ తీయొద్దు.

బాత్రూమ్ దాకా నడిచి వచ్చిన మనిషికి వెంటనే బీపీ కఫ్ కట్టొద్దు, ఐదు నిమిషాలు కూర్చోనివ్వు. చొక్కా మీద కట్టకు, చెయ్యి గుండె ఎత్తులో ఆనించు. గాలి సెకనుకు 2–3 మి.మీ. చొప్పున దిగాలి. గబుక్కున వదిలేస్తే పై అంకె తక్కువగా, కింది అంకె ఎక్కువగా కనిపిస్తుంది. ఇంకో సంగతి: ముల్లు తిరిగే మీటరు మీద గీతలు 2 మి.మీ.కి ఒకటి. దాంతో చూసి 117/73 అని రాశావంటే ఊహించి రాసినట్టే. శబ్దం వినపడకపోతే "వినపడలేదు మేడమ్, ఒకసారి చూడండి" అను. ఆ మాటకు ఎవరూ తిట్టరు, తిట్టినా ఓ నిమిషమే.

రెండు_నుంచి_ఎనిమిది:
పైన చెప్పినదంతా సరే. హ్యాండోవర్, అంటే డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు అప్పజెప్పే సంగతి నేను చెప్తాను.

7:45కల్లా వార్డులో ఉండు. జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకో. ముప్పై బెడ్లూ రాసుకోవాలని చూడకు, ఏదీ గుర్తుండదు. ఇన్‌స్ట్రక్టర్‌ను అడిగి ఇద్దరు ముగ్గురు పేషెంట్లను తీసుకో. ఒక్కొక్కరికి బెడ్ నంబరు, ఏ జబ్బు, ఏ సెలైన్ నడుస్తోంది, ఎప్పటికి అయిపోతుంది, ఏ రక్తపరీక్ష వెళ్ళాలి, చాలు.

తేడా కనిపిస్తే చెప్పే తీరులోనే నీ పని తెలుస్తుంది. "సిస్టర్, ఆయన అదోలా ఉన్నాడు" అంటే ఆమె చేతిలో పని వదిలి రాదు. "పన్నెండో బెడ్, బీపీ 90/60, పొద్దున 130/80 ఉంది, రెండుసార్లు చూశాను, చెమటలు పడుతున్నాయి" అను, లేచి వస్తుంది.

పేరు అడిగేటప్పుడు "మీరు వెంకటయ్యేనా?" అనకు. చెవుడున్న పెద్దాయన, మగతలో ఉన్న మనిషి దేనికైనా "ఆఁ" అంటారు. "మీ పేరేంటి పెద్దనాన్నా?" అని వాళ్ళ చేతే చెప్పించి కేస్ షీట్‌తో పోల్చుకో. ఒకే వార్డులో ఇద్దరు వెంకటయ్యలు ఉండటం మన దగ్గర వింతేం కాదు.

ప్రశ్నలు డాక్టర్ల రౌండ్స్ టైమ్‌లో అడగొద్దు. మందులు, డ్రెస్సింగులు అయ్యాక 11 తర్వాత కాస్త ఊపిరాడుతుంది, అప్పుడు అడుగు.

నలభై_యూనిట్లు:
చివరి మాట సగమే ఒప్పుకుంటాను. జబ్బు గురించి అయితే 11 దాకా ఆగొచ్చు, మందు గురించి అయితే ఆగకూడదు. సిరంజి చేతిలో ఉండి అనుమానం వస్తే, ఎంత హడావుడిలో ఉన్నా ఆపి అడగాల్సిందే.

ఉదాహరణకు ఇన్సులిన్. మి.లీ.కి 40 యూనిట్లున్న వయల్‌కు (మందు సీసాకు) ఎర్ర మూత సిరంజి, మి.లీ.కి 100 యూనిట్లున్నదానికి నారింజ మూతది. 40 వయల్ నుంచి నారింజ సిరంజితో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మి.లీ., అంటే 8 యూనిట్లే. తిరగేసి, 100 వయల్‌కు ఎర్రది వాడితే 20 గీత దగ్గర 50 యూనిట్లు లోపలికి పోతాయి. మనిషి షుగర్ పడిపోయి కోమాలోకి కూడా వెళ్ళొచ్చు. వయల్ మీది అంకె, సిరంజి మీది అంకె రెండూ సిస్టర్‌కు చూపించి, ఆమె పక్కన ఉండగానే ఇవ్వు.

ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు (ఒంట్లోకి ఎన్ని నీళ్ళు వెళ్ళాయి, ఎన్ని బయటికి వచ్చాయి అన్న లెక్క) సాధారణంగా విద్యార్థులకే అప్పజెప్తారు, ఎక్కువ తప్పేదీ అదే. పేషెంట్‌కు తోడున్న అటెండెంట్ "నీళ్ళు తాగాడమ్మా" అంటుంది. ఎన్ని? వాళ్ళ స్టీలు గ్లాసు ఎంత పడుతుందో మొదటి రోజే కొలిచి పెట్టుకో. యూరోబ్యాగ్ (మూత్రం పట్టే సంచి) ఖాళీ చేసే ముందు నిన్ను పిలవమని వాళ్ళకు పొద్దున్నే చెప్పు, లేకపోతే కొలవకుండానే పారబోస్తారు. బ్యాగ్ మీది గీతల్ని నమ్మకు, కొలత జగ్గులో పోసి చూడు.

కొత్త_ఏప్రాన్:
చాలా థ్యాంక్స్ అక్కా, అందరికీ. చెత్త డబ్బాల రంగులు మాత్రం ఇంకా కలగాపులగంగానే ఉన్నాయి. పొరపాటున సూది గుచ్చుకుంటే చెప్పాలా? తిడతారేమోనని భయం.

చార్టు_గది:
రక్తం అంటిన దూది, కట్టు కట్టే గాజ్ గుడ్డ పసుపులో. సెలైన్ సెట్టు, సూది తీసిన సిరంజి ఎరుపులో. సూదులు, బ్లేడ్లు గుచ్చినా చిల్లు పడని తెల్ల డబ్బాలో. గాజు వయల్స్, యాంపూల్స్ నీలంలో. సూదికి మూత తిరిగి పెట్టొద్దు, గుచ్చుకునేది ఎక్కువగా అక్కడే.

గుచ్చుకుంటే వేలు పిండకు, నోట్లో పెట్టుకోకు. పారే నీళ్ళ కింద సబ్బుతో కడిగి, ఏ బెడ్ పేషెంట్ సూదో గుర్తుపెట్టుకుని వెంటనే సిస్టర్‌కు, ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పు. హెచ్‌ఐవీ రాకుండా మందు వేసుకోవాల్సి వస్తే రెండు గంటల్లోపు మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటాక ఇక ఇవ్వరు. కోర్సు 28 రోజులు. తిట్లకు భయపడి రాత్రి హాస్టల్లో చెప్తే పోయేది ఆ టైమే.

హెపటైటిస్ బి టీకా వేయించుకున్నావా? 0, 1, 6 నెలలకు మూడు డోసులు. లేకపోతే సోమవారం లోపు మొదటిదైనా వేయించుకో. ఏడింటికల్లా కడుపు నిండా టిఫిన్ కూడా తిను. మొదటి డ్రెస్సింగ్ చూసి కళ్ళు తిరిగితే మొహమాటపడకుండా అక్కడే కింద కూర్చో, డ్రెస్సింగ్ ట్రాలీ పట్టుకోకు.